బెంచీల మీద కూర్చోబెట్టే మాడ్

ఆ కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది ఇద్దరేనని చాలామంది కస్టమర్లు అనుకుంటారు. కౌంటరు దగ్గర కూర్చునే ఓనరు ఒకడు, కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఒకతె. తమ ముక్కు మీద కూర్చున్న అద్దాలను అరగదీసి, అంచులు దిద్ది, ఫ్రేములో బిగించే మూడో మనిషి ఒకడున్నాడని ఎవరికీ తట్టదు. తట్టడానికి అతను కనబడితే కదా. ముందు షాపుకీ వెనక గదికీ మధ్య గోడలో పుస్తకమంత కిటికీ ఉంది. అందులోంచి చీటీ లోపలికి పోతుంది, కళ్ళజోడు బయటికి వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. షాపులో అతన్ని అద్దాలాయన అంటారు. అసలు పేరు ఓనరుకు గుర్తుందో లేదో అనుమానమే.

వెనక గదిలో అంచులు అరగదీసే మిషను పొద్దస్తమానం గీపెడుతూ ఉంటుంది. లెన్సు వేడెక్కకుండా దాని మీద నీళ్ళు కారుతూ ఉంటాయి. ఆ మోతలో ఎవరైనా పిలిచినా వినబడదు కాబట్టి, పిలవడం మానేశారు. అద్దాలాయనకు అదేమీ బాధ కాదు. అతని ధ్యాసంతా లెన్సు మీదే. పూర్తయిన ప్రతి లెన్సునూ చెయ్యి చాచి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని, అందులోంచి కనబడే వెలుగు గీత ఎక్కడైనా వంకరపోతుందేమో చూస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పడేస్తాడు. "పెట్టుకునేవాళ్ళకి తెలీదయ్యా ఆ తేడా!" అని ఓనరు ఒంటికాలి మీద లేస్తాడు. "తెలీదు సార్. తలనొప్పి మాత్రం వస్తుంది" అని ఇతను మళ్ళీ మిషను ఆన్ చేస్తాడు. వాదన అక్కడితో సరి.

ఉండేది మూడో అంతస్తులో ఒంటిగది. వయసు నలభై ఆరు. పెళ్ళి ఎందుకు కాలేదంటే, అడగాల్సిన వయసులో ఎవరూ గట్టిగా అడగలేదు, అడిగిన వయసులో ఇతనికి బెరుకు పుట్టింది. ఉన్నది ఒక్క అక్క. వేరే ఊళ్ళో బావతో ఉంటుంది, ఆదివారం సాయంత్రం ఐదింటికి ఫోను చేస్తుంది. గదిలో ఉన్న కంప్యూటర్ కూడా బావదే. ఆయన కొత్తది కొనుక్కుని, పాతదాన్ని అటక ఎక్కించడం ఇష్టంలేక బావమరిదికి అంటగట్టాడు. బావ ఆడే ఆట ఒకటి కూడా అందులోనే ఉండిపోయింది.

ఆట ఏమిటంటే, ఒక పాతకాలపు ఊరు. దాని చుట్టూ అడవి, అడవి నిండా తోడేళ్ళు. మన మనిషి కత్తి పట్టుకుని తోడేళ్ళను చంపుకుంటూ పోవాలి. బావ వందల తోడేళ్ళను చంపాడు. అద్దాలాయన మాత్రం ఆరేళ్ళలో చంపింది ఒక్కటే, అదీ మొదట్లో చంపితే తప్ప ఊళ్ళోకి రానివ్వరు కాబట్టి. ఊళ్ళోకి వచ్చాక మళ్ళీ పొలిమేర దాటలేదు. రొట్టెల కొట్టు ముందు వీధి, చేపలమ్మే ఆవిడ గంప, బావి గట్టు, సాయంత్రమైతే ఇళ్ళల్లో వెలిగే దీపాలు, ఇవే చూస్తూ తిరిగేవాడు.

"ఏం బావమరిదీ, ఇంకా ఊళ్ళోనే ఉన్నావా? అడవిలోకి వెళ్ళవయ్యా!" అని బావ ఫోనులో నవ్వేవాడు.

"ఊరు బాగుంది బావా" అనేవాడు ఇతను.

బాగున్న ఊళ్ళో ఒక్కటే లోటు. వీధి వీధికీ బెంచీలున్నాయి కానీ వాటి మీద కూర్చోవడానికి వీల్లేదు. ఆట తయారుచేసినవాళ్ళకు తోడేళ్ళ మీద ఉన్న శ్రద్ధ బెంచీల మీద లేదు. మన మనిషి బెంచీ దగ్గరికెళ్ళి నిలబడాలి, అంతే. ఆ ఊళ్ళో కాసేపు కూర్చుంటే బాగుండునని అద్దాలాయనకు మహా కోరికగా ఉండేది. ఇంటర్నెట్‌లో వెతికితే, ఆటలకు మాడ్లు అనేవి ఉంటాయని తెలిసింది. ఆట తయారుచేసిన కంపెనీతో సంబంధం లేకుండా, ఆడేవాళ్ళే తీరిక చేసుకుని తయారుచేసి ఊరికే పంచిపెట్టే అదనపు ముక్కలవి. తెచ్చుకుని ఆటకు అతికించుకోవచ్చు. అలాంటివన్నీ ఒకచోట పెట్టే పెద్ద సైటు ఒకటి ఉంది. అందులో కత్తులు, గుర్రాలు, కవచాలు వేలకు వేలు. వాటి మధ్య ఎక్కడో అడుగున ఒక చిన్న మాడ్ కనబడింది. పేరు "కూర్చోవచ్చు". చేసినవారి మారుపేరు "తీరికలేదు". పేజీ చివర ఒక వాక్యం ఉంది: "తెలుగులో తిట్టాలనుకునేవాళ్ళు మొహమాటపడకుండా తిట్టవచ్చు."

అద్దాలాయన తిట్టలేదు. "చిల్లిగవ్వ" అని తనకో మారుపేరు పెట్టుకుని, మాడ్ దించుకుని, ఆ సాయంత్రమంతా ఊళ్ళో ఉన్న బెంచీలన్నిటి మీదా కూర్చుని, పేజీ కింద ఇలా రాశాడు: "చాలా బాగుందండి. రొట్టెల కొట్టు ముందు బెంచీ మీద కూర్చుంటే మాత్రం మా మనిషి కుడివైపు రెండు మిల్లీమీటర్లు గాల్లో ఉంటున్నాడు."

గంటలో జవాబు వచ్చింది. "రెండు మిల్లీమీటర్లని ఎలా తెలిసింది మీకు?"

"తెర మీద స్కేలు పెట్టి కొలిచానండి."

"తెర మీద స్కేలు పెట్టే మనిషి ఈ లోకంలో ఉన్నాడని తెలియక ఇన్నాళ్ళూ బద్ధకంగా పనిచేశాను. మిగతా బెంచీలు కూడా కొలిచి పెట్టండి."

అలా మొదలైంది. తీరికలేదు గారు కొత్త వెర్షన్ పెట్టడం, చిల్లిగవ్వ గారు ఆదివారమంతా కూర్చుని తప్పులు పట్టడం. మొదట మన మనిషి ఒక్కడే కూర్చునేవాడు. తర్వాత అరుగుల మీద, మెట్ల మీద, బావి గట్టు మీద కూర్చునే వీలు వచ్చింది. రెండో ఏడు ఇతనే భయపడుతూ అడిగాడు, పక్కన ఇంకెవరైనా వచ్చి కూర్చునేలా చేయడం కుదురుతుందా అని. నాలుగు నెలలు పట్టింది కానీ కుదిరింది. సాయంత్రమయ్యేసరికి చేపలావిడ గంప దించి పక్కన కూర్చునేది. రొట్టెలతను చేతులు దులుపుకుని వచ్చేవాడు. మాటల్లేవు. ఊరికే కూర్చుని వీధిలోకి చూసేవాళ్ళు, కాసేపటికి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మొదటిసారి చేపలావిడ వచ్చి కూర్చున్నప్పుడు అద్దాలాయన మౌసు మీద నుంచి చెయ్యి తీసేసి, ఆవిడ లేచిపోయేదాకా కదలకుండా ఉన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వండి. తన పక్కన ఒక మనిషి తీరిగ్గా వచ్చి కూర్చుని ఎన్నేళ్ళయిందో అతనికే లెక్క తెలియదు.

"ఆదివారం పూటా ఆ పెట్టె ముందు కూర్చుని ఏం చేస్తావురా?" అని అక్క అడిగేది.

"కూర్చుంటానక్కా."

"కూర్చుని ఏం చేస్తావని కదా అడుగుతున్నాను."

"ఆటలో కూడా కూర్చుంటాను."

అక్క కాసేపు ఆలోచించి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగేది.

ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు ఏమేం మార్చారో ఒక జాబితా ఉంటుంది. దాని చివరి వాక్యం ఎప్పుడూ ఇతనికే. "చిల్లిగవ్వ గారు చెప్పిన పద్నాలుగు తప్పుల్లో పదకొండు సరిచేశాను. మిగతా మూడూ నాకు కనబడటం లేదు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తూ ఆయనే కళ్ళు పరీక్ష చేయించుకోకపోవడం బాగోలేదు." మర్నాడు షాపులో అది గుర్తొచ్చి ఇతను వెనక గదిలో ఒక్కడే పగలబడి నవ్వితే, మిషను మోతలో ఎవరికీ వినబడలేదు.

ఆరేళ్ళలో ఒకరి పేరు ఒకరు అడగలేదు. మాడ్ల లోకంలో అదో మర్యాద. అవతలివాళ్ళు ఎవరో తవ్వకూడదు, చెబితే వినాలి. తీరికలేదు గారు మగో ఆడో కూడా ఇతనికి తెలియదు. మీరు అంటే మీరు, అంతే. తెలిసినవల్లా రెండే ముక్కలు. వాళ్ళ పక్కగదిలో మంచం మీద ఒక మనిషి ఉంది. మాటల మధ్యలో "మందులు వేసి వస్తాను" అని వెళ్ళి, సరిగ్గా పది నిమిషాలకు తిరిగి వచ్చేవారు. ఆ పది నిమిషాలూ ఇతను కుర్చీలోంచి లేచేవాడు కాదు. ఎవరికి మందులని ఏనాడూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాడు. ఇప్పటికీ అది మర్యాదో, పిరికితనమో అతను తేల్చుకోలేదు.

నాలుగో ఏట ఒక దొంగతనం జరిగింది. ఇతరులు చేసిన మాడ్లను అడగాపెట్టకుండా ఎత్తుకొచ్చి, చుట్టూ ప్రకటనలు అంటించి పెట్టే సైటు ఒకటుంది. ఆడేవాళ్ళు దాన్ని దొంగల సంత అంటారు. "కూర్చోవచ్చు" కూడా ఆ సంతలో తేలింది, చేసినవాళ్ళ పేరు లేకుండా. ఎప్పుడూ చమత్కారంగా మాట్లాడే తీరికలేదు గారికి ఆ రోజు ఒళ్ళు మండిపోయింది.

"మందులకీ మందులకీ మధ్య దొరికిన పది పది నిమిషాలు పోగేసి చేసుకున్నది ఇది. మీరు ఒక్కరైనా ఆ సంతలో అడుగు పెట్టనని మాటివ్వండి" అని రాశారు.

"మాటిస్తున్నానండి" అని రాశాడు అద్దాలాయన. అతని సంగతి మీకు తెలిసిందే. వెంట్రుకవాసి తేడా వస్తే లెన్సు పారేసే మనిషి.

ఆరో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం పెద్ద సైటులో పేజీ తెరిస్తే, మాడ్ లేదు. దాని స్థానంలో ఒక పలక వేలాడుతోంది: "ఫిర్యాదు అందినందున ఈ పేజీని, ఖాతాను నిలిపివేశాం." ఏం ఫిర్యాదో, ఎవరు చేశారో రాయలేదు. ఇద్దరూ మాట్లాడుకునే చిన్న గడి మాత్రం ఇతని వైపు తెరిచే ఉంది. అందులో "ఏమైందండీ?" అని రాశాడు. జవాబు లేదు. మరుసటి ఆదివారం "ఎక్కడున్నారండీ?" అని రాశాడు. తర్వాత ఏం రాయాలో తోచక, "ఈ వారం తప్పులేమీ కనబడలేదండి" అని రాశాడు. కొత్త వెర్షనే లేనప్పుడు కొత్త తప్పులు ఎక్కడినుంచి వస్తాయి? అయినా రాశాడు. ఎనిమిది నెలలపాటు ప్రతి ఆదివారం ఆ వాక్యమే రాశాడు.

తన దగ్గర 2.9 వెర్షన్ ఉంది కాబట్టి ఊళ్ళో కూర్చోవడం మాత్రం ఆగలేదు. చేపలావిడ వచ్చేది, రొట్టెలతను వచ్చేవాడు. కానీ చూసింది చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు బెంచీ వట్టి బెంచీలాగే ఉంది.

ఆ మధ్యలోనే ఒకసారి, వేరే పనిమీద వెతుకుతుంటే, దొంగల సంత పేరు కింద "కూర్చోవచ్చు 3.2" అని ఒక లైను కనబడింది. తనకు తెలిసినంతలో చివరిది 2.9. మాడ్ దొంగిలించింది చాలక అంకెలు కూడా పెంచి అమాయకులను పట్టుకుంటున్నారని మండిపడి, ఆ పేజీ మూసేశాడు. ఆ సంగతి కూడా ఆ ఆదివారం గడిలో పూసగుచ్చినట్టు రాశాడు: "మీ మాడ్‌కు దొంగ అంకె వేశారండి. నేను తొంగి కూడా చూడలేదు." రాసినప్పుడు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఎనిమిదో నెలలో ఆట తయారుచేసిన కంపెనీ ఏదో పెద్ద అప్‌డేట్ పంపింది. కంప్యూటర్ తనంతట తానే దాన్ని దించుకుంది. ఆ సాయంత్రం ఊళ్ళోకి వెళితే, 2.9 పనిచేయలేదు. చేపలావిడ వచ్చి కూర్చోబోయి గడ్డం దాకా బెంచీలో దిగబడిపోయింది. రొట్టెలతను కాళ్ళు పైకీ తల కిందికీ అయి అలాగే ఉండిపోయాడు. మన మనిషి ఏ బెంచీ దగ్గరికి వెళ్ళినా కూర్చోలేక నిలబడిపోయాడు. ఆటలో వాన మొదలైంది. అద్దాలాయన తన మనిషిని ఆ వానలో బావి దగ్గర అలాగే నిలబెట్టి, కంప్యూటర్ ఆపేశాడు. ఊరు కూడా పోయిందని ఏడుపొచ్చినంత పనైంది.

కొత్త అప్‌డేట్‌కు సరిపడే మాడ్ ఎక్కడైనా దొరుకుతుందా అన్నది అప్పటి ప్రశ్న. దొరికే చోట్లు మూడు తేలాయి. అతను షాపులో మిగిలిపోయిన చీటీల వెనక ఒక్కో చోటు పేరు రాసుకుని, లెన్సును చూసినట్టే ఒక్కోదాన్నీ వెలుగుకు పట్టి చూశాడు. మొదటిది ఒక చర్చావేదిక. అక్కడ ఒకాయన "నా దగ్గరుంది, పంపిస్తాను, ముందు మీ వైరస్ కాపలాను ఆపండి" అంటున్నాడు. కళ్ళు మూసుకుని నోరు తెరవమనేవాడిని నమ్మలేక ఆ చీటీ చింపేశాడు. రెండోది మూడు వందల మాడ్లను ఒకే మూటగట్టి ఇచ్చే చోటు. మూటలో ఏది ఎవరిదో, ఏ తేదీదో, ఎంత పరిమాణమో ఏమీ రాయలేదు. అదీ పోయింది. మూడో చీటీ మీద "సంత" అని రాసి ఉంది. దాన్ని చింపలేదు, జేబులో పెట్టుకోలేదు. మిషను పక్కన బోర్లించి పెట్టాడు. అలా మూడు వారాలు ఉంది.

నాలుగో వారంలో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి చీటీలు ఇవ్వడానికి స్వయంగా లోపలికి వచ్చి దాన్ని చూసింది.

"అద్దాలగారూ, ఇదెవరి చీటీ? పవరు లేదు, పేరు లేదు. సంత ఏంటి?"

మామూలుగా అయితే ఏమీ లేదమ్మా అనేవాడు. ఆ రోజు ఎందుకో మిషను ఆపి చెప్పాడు. ఆట అని చెప్పడానికి సిగ్గుపడి, ఒక తెలిసినవారు తయారుచేసిన వస్తువనీ, దాన్ని దొంగలు కొత్త నెంబరు వేసి పెట్టుకున్నారనీ, అది తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాననీ చెప్పాడు.

"కొత్త నెంబరు దొంగల దగ్గరే ముందు వచ్చిందా?" అంది ఆ అమ్మాయి. "అదెలా? మన షాపుకి డూప్లికేట్ ఫ్రేములు వస్తాయి కదా, ఏ మోడలైనా అసలుది వచ్చాకే దాని నకలు వస్తుంది. అసలుది రాకముందే నకలు తెచ్చినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు నేను."

"నెంబరు ఊరికే మార్చి ఉంటారమ్మా."

"సైజు చూశారా? అద్దాలన్నీ అంత పట్టి పట్టి చూసే మనిషి, అది చూడలేదా?"

చూడలేదు. తొంగి చూడనని మాటిచ్చాడు కాబట్టి చూడలేదు. ఆ సంగతి ఆ అమ్మాయితో అనలేదు. "టీ తాగుదాం రండి అద్దాలగారూ, ఓనరు బయటికెళ్ళాడు" అని ఆమె పిలిస్తే, "మీరు తాగండమ్మా" అని మళ్ళీ మిషను ఆన్ చేశాడు. చేతిలో ఉన్న లెన్సు అంచు ఆ పూట ఎక్కువ అరిగిపోయింది. ఇరవై రెండేళ్ళలో అలా ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి, అన్నం తిన్న పళ్ళెం కడిగి బోర్లించి, అద్దాలాయన మాట తప్పాడు.

దొంగల సంతలో ఆ పేజీకి ఐదు డౌన్‌లోడ్ బొత్తాలున్నాయి, అందులో నాలుగు మోసం. వాటి జోలికి పోకుండా ముందు పరిమాణం చూశాడు. తన దగ్గరున్న 2.9 కన్నా దాదాపు రెండింతలుంది. అంకె కూడా ఇప్పుడు 3.2 కాదు, 3.4 అయింది. కిందికి వెళితే మార్పుల జాబితా ఉంది. తెలుగులో ఉంది.

మొదటిది 3.0. పెద్ద సైటులో పేజీ మూతపడిన పద్నాలుగు రోజులకు పెట్టింది. "ఇది నేనే. ఈ సంతలో నా మాడ్ పెట్టినవాడే అక్కడ నేను దొంగనని ఫిర్యాదు చేశాడు. అక్కడివాళ్ళు అతని మాట నమ్మి నన్ను గెంటేశారు. ఈ సంతవాళ్ళకు రాస్తే, విచిత్రంగా, వీళ్ళు నా పేజీ నాకిచ్చేశారు. ఇక్కడే ఉంటున్నాను. చిల్లిగవ్వ గారూ, మీకు కబురు పెట్టే దారి నాకు లేదు. పేరు కూడా అడగలేదు నేను. మీరు మాట తప్పి ఇక్కడికి వస్తే ఏమీ అనుకోను. రండి."

తర్వాత 3.1. "బావి గట్టు మీద ఇప్పుడు ముగ్గురు కూర్చోవచ్చు. మూడోవారి మోకాలు సరిగా ఉందో లేదో స్కేలు పెట్టి చెప్పే మనిషి కావాలి."

3.2. ఇతను చూసి, మండిపడి, మూసేసిన అంకె. "రెండు వేల మంది దించుకున్నారు. ఒక్కరూ ఒక్క తప్పు చెప్పలేదు. ఇది అంత గొప్ప మాడ్ కాదని నాకు తెలుసు. ఎవరూ సరిగా చూడటం లేదు, అంతే."

3.3 మూడు నెలల కిందటిది. "పక్కగదిలో ఇప్పుడు మందులు వేసే పని లేదు. పోయినవారం అమ్మ వెళ్ళిపోయింది. ఇక తీరికే తీరిక. పేరు మార్చుకోవాలి నేను. ఏం చేయాలో తోచక, ఊళ్ళో దీపాలు వెలిగే వేళ ఒక అరగంట పెంచాను. ఈ వెర్షన్‌లో మార్పు అదొక్కటే."

అద్దాలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది మసకబారలేదు.

చివరిది 3.4, ఐదు వారాల కిందటిది. "ఆటకు పెద్ద అప్‌డేట్ వస్తోందట. దానికి సరిపడేలా చేసి పెడుతున్నాను, ఎవరి ఊరూ పాడవకుండా. ఇదే ఆఖరు. చిల్లిగవ్వ గారు రాలేదు. మాట ఇమ్మని అడిగింది నేనే, ఆయన మాట మీద నిలబడే మనిషి. అది ముందే తెలిసి ఉండాల్సింది నాకు."

ఆ పక్కనే పేజీ సొంతదారు చివరిసారి కనబడిన తేదీ ఉంది. పదకొండు రోజుల కిందట. అంటే ఆఖరు అని రాసిన తర్వాత కూడా తీరికలేదు గారు వచ్చి చూసి వెళ్ళారు. అప్పటికి అద్దాలాయన మిషను పక్కన చీటీ బోర్లించి, మాట తప్పాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్నాడు. ఎనిమిది నెలలు ఒకరికోసం ఒకరు చూశారు, చెరో చోట. ఇక్కడ "రండి" అని ఉంది, అక్కడ గడిలో "తప్పులేమీ కనబడలేదండి" అని ముప్పైకి పైగా ఉన్నాయి. ఆ రెండిటి మధ్య దూరం ఒక్క నొక్కు. తన నిజాయితీ మీద అతనికి జీవితంలో మొదటిసారి అసహ్యం పుట్టింది.

ఐదో బొత్తం నొక్కి 3.4 దించుకున్నాడు. ఊళ్ళోకి వెళ్ళాడు. చేపలావిడ వచ్చి కూర్చుంది, రొట్టెలతను కూర్చున్నాడు, బావి గట్టు మీద మూడో మనిషి కూడా వచ్చి కూర్చున్నాడు. తెర మీద స్కేలు పెట్టాడు. మూడో మనిషి మోకాలు నిజంగానే ఒకటిన్నర మిల్లీమీటర్లు పక్కకు ఉంది. అలా వెతికితే మొత్తం తొమ్మిది తప్పులు దొరికాయి. ఆ తొమ్మిదింటినీ కొలతలతో సహా పేజీ కింద రాశాడు. అమ్మగారి సంగతి ఇప్పుడే తెలిసిందనీ, ఆరేళ్ళలో ఒక్కసారైనా ఎలా ఉన్నారని అడగనందుకు క్షమించమనీ రాశాడు. దీపాలు అరగంట ఎక్కువసేపు వెలగడం బాగుందని రాశాడు. ఆపైన, మర్యాద అంతా పక్కనపెట్టి, తన అసలు పేరు, షాపు చిరునామా, ఫోను నెంబరు రాసి, పంపు అని నొక్కాడు.

తెర మీద ఒక వాక్యం వచ్చింది: "మీ వ్యాఖ్య పేజీ సొంతదారు ఆమోదం కోసం ఎదురుచూస్తోంది. అప్పటిదాకా ఇది వారికి తప్ప ఎవరికీ కనబడదు."

దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఐదింటికి ఫోను మోగింది. ఒక్క గెంతులో అందుకున్నాడు. అక్క.

"ఏంరా, అంత తొందరగా ఎత్తావు? ఏం చేస్తున్నావు?"

ఎప్పుడూ చెప్పే జవాబు రాలేదు. "అక్కా, నేనొక మనిషిని పోగొట్టుకున్నాను" అన్నాడు.

"అయ్యో, ఎవర్నిరా?" అక్క కంగారుపడింది. "షాపులో వాళ్ళా? పేరేంటి?"

"పేరు తెలీదక్కా."

"పేరు తెలీకపోవడమేంట్రా! మగా, ఆడా?"

"అదీ తెలీదు. వాళ్ళమ్మ పోయింది. నేను పలకరించలేదు."

అవతల బావ ఏదో అడుగుతుంటే అక్క ఆయన్ని ఊరుకోమనడం వినబడింది. తర్వాత మెల్లగా అంది. "రెండు రోజులు సెలవు పెట్టి ఇక్కడికి వచ్చెయ్యరా. ఒక్కడివే ఉండకు. ఇప్పుడే బస్సు సంగతి కనుక్కుంటాను, లైన్లోనే ఉండు."

"వద్దక్కా, పెట్టేస్తాను" అన్నాడు తమ్ముడు. "ఫోను ఖాళీగా ఉండాలి."